సందులో డబ్బాల పూలు

మొన్న మా పెద్ద తోడికోడలు ఫోన్ చేసి, తన కొత్త ఫ్లాటు బాల్కనీకి ఎండ పొడ తగలదనీ, అలాంటి నీడలో కుండీల్లో రంగురంగుల పూలు ఎలా పూయించాలో నాకు బాగా తెలుసు కదా అనీ అడిగింది. ఇన్నేళ్ళకి ఆ మాట ఆవిడ నోటి నుంచే విని నాకు ఒళ్ళు మండిపోయింది.

విజయనగరంలో మా అత్తవారిది నూనె వ్యాపారం. ఎండ పడే పెరడంతా పెద్ద కోడలికి అప్పగించి, ఆవిడ పెంచిన మందారాలూ నందివర్ధనాలే దేవుడికి పెట్టాలన్నారు మా అత్తగారు. నాకు మిగిలింది పక్కింటి గోడకీ మా గోడకీ మధ్య, పొద్దున కాసేపు తప్ప ఎండ చూడని సందు. అంట్లు తోమిన నీళ్ళన్నీ అందులోంచే పారేవి. ఎంగిలి నీళ్ళు తాగిన మొక్క పువ్వు దేవుడికి పనికిరాదని ఆ ఇంటి పట్టింపు. నేనూ మొండిదాన్నే. దుకాణంలో ఖాళీ అయిన నూనె డబ్బాలు తోమి, అడుగున చిల్లులు పొడిచి, ఇటుకల మీదకెక్కించి, కోటబొమ్మాళి నుంచి మా అమ్మ పంపిన పూల విత్తనాలు వేశాను. ఇప్పుడు నర్సరీవాళ్ళు బాల్సం అంటున్నారే, అవే. కింద పారే నీళ్ళు చుక్క తగలనివ్వకుండా నూతి నీళ్ళే తోడి పోసేదాన్ని. గులాబీ, ఎరుపు, ఊదా రంగులతో ఆ సందు వెలిగిపోయేది. అయినా ఒక్క పువ్వూ పూజగదిలోకి వెళ్ళలేదు. నా పువ్వుకి విలువ ఇస్తే ఆ ఇంట్లో నాకూ ఇచ్చినట్టేనని ఆశపడేదాన్ని, పిచ్చిదాన్ని.

ఒక శ్రావణ శుక్రవారం, పెరటి మొక్కలకి పురుగు పట్టి పూలు లేకపోతే, మా తోడికోడలు తెల్లారకముందే నా డబ్బాలన్నీ దూసేసి, తన పుట్టింటివారు పంపారని చెప్పి అమ్మవారికి పెట్టేసింది. ఆ రంగులు చూసి అత్తగారు ఆవిడని మెచ్చుకుంటుంటే నా నోరు ఊరుకోలేదు.

"అత్తయ్యా, అవి సందులో నా డబ్బాల పువ్వులు," అన్నాను.

"ఎంగిలి సందు పువ్వులని తెల్సు గదే, ముందే సెప్పడానికి నోరు లేదేటి నీకు?"

దొంగిలించిన మనిషిని పల్లెత్తు మాట అనలేదు. ఒక్కో పువ్వూ ఏరి కాలవలో పడేసి, పటాలన్నీ నా చేతే పసుపునీళ్ళతో తుడిపించారు.

మా తోడికోడలికి అన్నీ మరిచిపోయానని చెప్పి ఫోన్ పెట్టేశాను. అత్తగారు పోయి చాలా కాలమైంది, ఆవిడ మీద కోపం మాత్రం పోలేదు. ఈ రోజుల్లో బజారునుంచి కవరులో వచ్చే పూలు ఏ మురుగు పక్కన పెరిగాయో ఎవరూ అడగరు. నా పువ్వులు నేనే కోసి, నేనే దేవుడికి పెట్టుకుంటున్నాను, కాదనేవాళ్ళు లేరు. అత్తగారి చేత ఒక్కసారి ఔననిపించుకోవాలన్న నా పంతం తీరే దారే లేకుండా పోయింది.