ఐదు వందల తొంభై దగ్గర ఆగిన ముల్లు

మొన్న పొద్దున టీవీలో నాగార్జున సాగర్ గేట్లు ఎత్తారనీ, నీటిమట్టం ఐదు వందల తొంభై అడుగులకు చేరిందనీ చెబుతుంటే, మా ఆవిడ వంటింట్లోంచే, ఇగ మిర్యాలగూడ నుంచి ఫోనొస్తది చూడండి అంది. అన్నట్టే పది నిమిషాల్లో వచ్చింది. అవతల మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, హలో అని కూడా అనకుండా "అన్నా, ఇమానం దిగింది!" అని పకపకా నవ్వాడు. సాగర్ నిండిన ఏడల్లా ఆయన ఇదే మాట అంటాడు, నేనూ నవ్వుతాను, నవ్వుతూనే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. ఆ చురుకు సంగతి ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నా ఈడు వాళ్ళు గనుక, తోడల్లుణ్ణి చూసి కుళ్ళుకోవడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు గనుక, మీకు చెప్పుకుంటున్నాను.

తొంభైల నడుమ నేను కోదాడలో, సాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఉండేవాణ్ణి. మా మామగారిది సూర్యాపేట. ఆయన కాలువ తవ్వే రోజుల్లో సర్వే వాళ్ళ వెంట కొలతల కర్ర పట్టుకుని ఎండలో తిరిగిన మనిషి; అందుకేనేమో, అబ్బాయి కాలువ మీద ఉద్యోగి అనగానే ఇంకేమీ అడక్కుండా పెద్ద కూతుర్ని నాకిచ్చారు. ఆదివారం వస్తే చాలు, కోదాడ బస్సెక్కి మా ఇంట్లో దిగేవారు, నా స్కూటరు వెనక కూర్చుని కాలువ గట్టు వెంట వచ్చేవారు, ఏ తూము దగ్గర ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో అడిగి తెలుసుకునేవారు. నాకు తండ్రి చిన్నతనంలోనే పోయాడు. ఒక పెద్దమనిషి నా పనిని అంత శ్రద్ధగా అడగడం నాకదే మొదలు, ఆ ఆదివారాల కోసం నేను సోమవారం నుంచే ఎదురు చూసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో, మిర్యాలగూడలో రైస్ మిల్లున్న మా తోడల్లుడు, మిల్లు పనికని చెప్పి ఇంట్లోకి కంప్యూటర్ తెచ్చాడు. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళవలసిన వస్తువు. దానికో గది, ఆ గదికో ఏసీ, తెర మీద పసుపు కుంకుమ బొట్లు, పని కాగానే కప్పడానికి మా మరదలు కుట్టిన పూలగుడ్డ. మిల్లు పని అందులో ఎంత జరిగిందో గానీ, విమానం నడిపే ఆట మాత్రం రోజూ జరిగేది. తెర కింది సగమంతా గుండ్రటి డయళ్ళు, పై సగం ఆకాశం, ఎక్కడో పరదేశంలో పెద్ద సరస్సు ఒడ్డున ఒక చిన్న విమానాశ్రయం. మామగారు ఒక ఆదివారం వెళ్ళి చూశారు. మరుసటి ఆదివారమూ అక్కడికే వెళ్ళారు. ఆ తర్వాత కోదాడ బస్సు సంగతే మరిచిపోయారు.

దాచుకోవడమెందుకు, నాకు ఒళ్ళంతా మండిపోయింది. మేమూ ఒక ఆదివారం వెళ్ళి చూద్దుము గదా, మామగారు చిన్నల్లుడి పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ తెరకేసి చూస్తున్నారు. జన్మలో విమానం ఎక్కలేదు, ఎక్కే ఆశా లేదు, కనీసం అది నేల మీద దిగడం ఒక్కసారి దగ్గరగా చూడాలని ఆయన కోరిక. నేను చెప్పే తూముల కబుర్లు ఆయనకేం ఆనుతాయి ఇంక! మరదలు పెట్టిన సర్వపిండి కూడా కంచంలోనే వదిలేసి లేచాను.

అయితే మా తోడల్లుడికి ఆ ఒక్కటే చేతకాలేదు. అమ్మినవాడు నేర్పిన పద్ధతిలో ఆట గాలిలోనే మొదలయ్యేది, ఆయన పని దాన్ని దించడమే. ఆ రోజుల బొమ్మల్లో నేలంటే ఒట్టి పచ్చరంగు, ఎంత దూరంలో ఉందో కంటికి తెలిసేది కాదు, కనుక ఎత్తు చూపే డయలునే నమ్ముకోవాలి. ఆల్టిమీటర్ అంటారట దాన్ని. చూడటానికి గడియారంలాగే ఉంటుంది గానీ అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకానే. చిన్న ముల్లు వేలు చెబుతుంది, పెద్ద ముల్లు వందలు చెబుతుంది. ఆయన పెద్ద ముల్లునే చూస్తూ, ఇంకా ఏడు వందల అడుగులుందిలే అని ధీమాగా దిగుతూ ఉండేవాడు, ఢామ్మని పగిలిపోయేది. ఇంకా ఆరు వందలుండె గదా అని నెత్తి పట్టుకునేవాడు. విమానం పగిలాక ముల్లు మాత్రం ప్రతిసారీ ఒక్కచోటే, ఆరుకు కాస్త ఇవతల ఆగిపోయి ఉండేది.

మొదటిసారి ఆ ముల్లు ఆగిన చోటు చూడగానే నా గుండె ఝల్లుమంది. ఐదు వందల తొంభై! మా కాలువ వాళ్ళకు నిద్రలో అడిగినా తెలిసే లెక్క అది. సాగర్ నిండితే ఐదు వందల తొంభై అడుగులంటాం, అంటే డ్యాములో అంత లోతున నీళ్ళున్నాయని కాదు, సముద్ర మట్టం నుంచి కొలిస్తే ఆ నీటి పైభాగం అంత ఎత్తున ఉందని. ఈ డయలూ సముద్రం నుంచే కొలుస్తోంది, ఆ విమానాశ్రయపు నేలే అంత ఎత్తున ఉంది, ముల్లు సున్నాకు రావాలని చూస్తే భూమిలోకి దిగిపోవలసిందే. ఇదంతా నాకు రెప్పపాటులో తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే మా తోడల్లుడు నావైపు తిరిగి "అన్నా, నీది కొలతల పనే గద, గీ ముల్లు కథేందో జర సూడరాదు?" అన్నాడు. పాపం, ఎంత ఆశగా అడిగాడో. నేను ముందుకు వంగి, చూసినట్టు నటించి, పరాయిదేశపు మిషను, మన కాలువ కొలతలు దానికేం పనికొస్తాయి తమ్ముడూ అన్నాను. అంతే కాదు, తల కూడా అడ్డంగా ఆడించాను.

ఆ వానాకాలం నాట్లప్పుడు ఆడిన ఆ అబద్ధాన్ని కోతల దాకా మోశాను. మా అత్తగారు దిష్టి తగిలిందని తెరకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించారు. అమ్మినవాడు రెండుసార్లు వచ్చి వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టి వెళ్ళాడు. నేను మాత్రం ఎప్పుడూ లేనిది ప్రతి ఆదివారం మిర్యాలగూడకు తయారయ్యేవాణ్ణి. మా ఆవిడ, ఇదంతా తన చెల్లెలింటి మీద ప్రేమ అనుకుని మురిసిపోయేది. విమానం పగిలినప్పుడల్లా నా కడుపు చల్లబడేది, అయ్యో అని అందరికంటే ముందు నేనే అనేవాణ్ణి. ఛీ, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

కోతలయ్యాక ఒక ఆదివారం ఆయన విసిగిపోయి, ఇగ గీ పెట్టె వాపస్ ఇచ్చేస్త, రేపే లారీలో పంపుత అన్నాడు. నేను గెలిచానని ఎగిరి గంతేయాలి. కానీ మామగారు కళ్ళద్దాలు తీసి, జేబులో పెట్టుకుని, లేచి కుర్చీని తానే గోడవారకు జరిపారు. ఆ కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీరుకున్న చప్పుడు నేను భరించలేకపోయాను. ఆగు తమ్ముడూ, ఒక్కసారి నేను చెప్పినట్టు దించు, నేల ఐదు వందల తొంభై దగ్గరుందనుకో, ముల్లు ఆరు వందలకు వచ్చేసరికి విమానం మూతి పైకెత్తు, సున్నా సంగతి మరిచిపో అన్నాను.

దిగింది. రెండుసార్లు ఎగిరెగిరి పడి, గడ్డిలోకి పోయి, మొత్తానికి నిలబడింది. మామగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. మా తోడల్లుడు నన్ను గట్టిగా కావలించుకుని, మిల్లులోకి పరుగెత్తి, మా అన్న సెప్పిండు, మా అన్న సెప్పిండు అని హమాలీలందరికీ చాటి వచ్చాడు. అంత మంచి మనిషిని చూసి నాకు ఇంకా కుళ్ళు పుట్టింది. అదే స్థానంలో నేనుంటే అలా చాటేవాణ్ణా!

సాయంత్రం బస్టాండులో మా ఆవిడ సీటు కోసం బస్సులోకి ఎక్కగానే, మామగారు నా దగ్గరికి జరిగారు. "అల్లుడా, ఆ ముల్లు మొదటిసారి ఆగినప్పుడే నేను నీ మొఖం సూసిన. నీకు ఎరుకైందని నాకు తెల్సు. ఎప్పుడు సెప్తవో అని సూస్తున్న" అన్నారు. కర్ర పట్టుకుని తిరిగిన మనిషికి ఐదు వందల తొంభై అంటే ఏమిటో తెలియదా? తెలిసీ, తన కోరికను పక్కన పెట్టుకుని, ఒక పంటకాలమంతా నా నోటి మాట కోసం కాచుకుని కూర్చున్నారు. నేను తల దించుకుని నిలబడితే ఆయనే మళ్ళీ "ఆలస్యమైతే అయింది, సెప్పినవ్ గద, పో, బస్సెక్కు" అని, నా చేతిలో అరటిపళ్ళ సంచి పెట్టారు. మరుసటి ఆదివారం కోదాడ బస్సు దిగారు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, మా ఆవిడతోనూ చెప్పలేదు.

ఇప్పుడు మా తోడల్లుడు మిల్లు వదిలేసి, మేడ మీద గదిలో మూడు తెరలు, నిజం విమానంలో ఉండేలాంటి చక్రం, సీటూ పెట్టుకున్నాడు. ముల్లు చదవాల్సిన పనే లేదట, నేల ఇంకా ఎన్ని అడుగులుందో మిషనే బయటికి చదివి వినిపిస్తుందట. పోయిన నెల వెళితే గంటసేపు చూపించాడు. నాకు మళ్ళీ అదే మంట, ఈ వయసులో, అంతే మంట. చాలా బాగుంది తమ్ముడూ అని మెచ్చుకున్నాను. ఆయన నమ్మాడు, మా ఆవిడ నమ్మింది, మరదలు టీ తెచ్చి ఇచ్చింది. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. తెర ముందు ఆయన కూర్చునే పాత కుర్చీ ఖాళీగా ఉంటే, నా మొఖం చూసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని అటు ఒకసారి చూసి, టీ తాగి వచ్చేశాను.