మొరాకో ఓడా, సుబ్బరామయ్యగారి ఒకవేళా

సుబ్బరామయ్యగారు ఏ మాటైనా 'ఒకవేళ'తోనే మొదలుపెడతారు. ఒకవేళ లిఫ్ట్ ఆగిపోతే, ఒకవేళ ఇడ్లీ గొంతుకు అడ్డం పడితే, ఒకవేళ ఆదివారం తర్వాత సోమవారం రాకపోతే! లోకంలో జరగని కీడులన్నీ ముందే తలుచుకుని, ఒక్కోదానికీ తగినంత దిగులుపడి, ఆ తర్వాత గాని కాఫీ ముట్టరు. "మా పెళ్లిలో మూడు ముళ్లూ వేసి, ఒకవేళ ఊడితే అని నాలుగోది కూడా వేశారండీ" అని ఆయన భార్య సత్యలక్ష్మిగారు ఇప్పటికీ చెబుతారు. పురోహితుడు వారిస్తే, "మీదేం పోయిందండీ, ఉండనివ్వండి" అన్నారట.

ఇలాంటి మనిషికి దేవుడు ఏరికోరి ఓడలు తెప్పించే ఉద్యోగం ఇచ్చాడు. జూబ్లీహిల్స్‌లో ఉన్న పంటసిరి ఎరువుల కంపెనీ హెడ్డాఫీసులో ఆయన పని అదే. మొరాకో నుంచి డీఏపీ, కెనడా నుంచి పొటాష్, ఒమన్ నుంచి యూరియా వచ్చి కాకినాడలో దిగాలి. అక్కణ్ణుంచి గూడ్సు రైళ్లెక్కి రెండు రాష్ట్రాల దుకాణాలకూ చేరాలి. ఆయన కంప్యూటర్ తెరనిండా సముద్రం, ఆ సముద్రం మీద చీమల్లాంటి చుక్కలు. చుక్క కదిలితే ఎటు పోతోందోనని భయం. కదలకపోతే ఎందుకు ఆగిందోనని భయం. మొరాకోలో గాలి ఎటు వీస్తోందో గంటగంటకూ తెలుసు గాని, ఆఫీసు పక్కనే ఉన్న చెక్‌పోస్టు దగ్గర వాన పడుతోందని మాత్రం తడిసి ముద్దయ్యాకే తెలిసేది.

ఆయన పక్క బల్ల హిమజది. ఏ జిల్లాకు ఎంత సరుకు వెళ్లాలో నిర్ణయించే పని ఆమెది. రోజూ మోతీనగర్ నుంచి వస్తుంది. చేరిన మొదటి రోజే సుబ్బరామయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"అమ్మా, మీ ఇంటి నుంచి ఆఫీసుకి దారులెన్ని?"

"నాకు తెల్సింది ఒక్కటే సార్."

"ఒకవేళ అది మూసేస్తే?"

"లీవు పెడ్త సార్."

ఆ జవాబుకి ఆయన సాయంత్రం దాకా తేరుకోలేదు.

ఏప్రిల్‌లో ఫిల్మ్‌నగర్ స్టూడియోలో కంపెనీ ప్రకటన తీశారు. తప్పులుంటే చూడమని ఆయన్ని పంపారు. హీరో పొలంగట్టు మీద నవ్వుతూ నడుస్తుంటే మధ్యలో ఈయన చెయ్యెత్తారు. "డైరెక్టర్ గారూ, ఆ వరి ఆకుల కొసలు పసుపెక్కాయండీ. నత్రజని చాల్లేదు. ఒకవేళ రైతులు చూస్తే?"

"సార్, అది ప్లాస్టిక్ వరి."

"ప్లాస్టిక్‌దైతే మాత్రం? మన ప్రకటనలోనేనా ఎరువు తక్కువయ్యేది?"

చివరికి ఆర్ట్ డైరెక్టర్ ఆకుపచ్చ రంగు తెచ్చి, బ్రష్షుతో నత్రజని లోపం సవరించాడు.

జూన్ రెండో వారంలో తొలకరి పడింది. నలభై వేల టన్నుల డీఏపీతో మొరాకో ఓడ ఆఫ్రికా మొత్తం చుట్టి వస్తోంది. గురువారం కాకినాడ చేరాలి. ఆ లెక్కన హిమజ రేవు గోదాములో ఉన్నదంతా అడిగినవాళ్లకు పంపేసి, మహబూబాబాద్ వైపు వాటా ఓడ మీద వదిలింది. అప్పటికీ సుబ్బరామయ్యగారు అన్నారు, "ఒకవేళ ఓడ ఆలస్యమైతే?" అని.

"దినానికి పదిసార్లు గదే అంటరు సార్ మీరు. వస్తది."

మంగళవారం పొద్దున చుక్క శ్రీలంక కింద ఆగిపోయింది. ఇంజను చెడింది, బాగుచెయ్యడానికి వారం పడుతుందని కెప్టెన్ కబురు. అంతలో మహబూబాబాద్ నుంచి ఎరువుల దుకాణం రాములు ఫోను.

"మేడమ్, పొద్దుగాల్నుంచి చెప్పులు లైన్ల పెట్టి కూసున్నరు జనం. ఈ వారంలనే మాల్ వస్తదని మాటిచ్చిన. వస్తది గదా?"

మళ్లీ చేస్తానని ఆమె ఫోను పెట్టేసింది. సుబ్బరామయ్యగారు కుప్పకూలి ఉంటారని పక్కకు చూసింది. విచిత్రం! జన్మంతా ఎదురుచూసిన కీడు తీరా వచ్చేసరికి ఆయన చాలా నెమ్మదిగా ఉన్నారు. "టిఫిన్ చేశావా అమ్మా?" అని అడిగి, ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లారు.

పదకొండింటికి మీటింగు. ఎండీ క్రాంతికుమార్ గారి మొహం ఎర్రగా ఉంది. "గోదాములో ఒక్క బస్తా మిగల్చకుండా పంపింది ఎవరు?"

హిమజ లేచి నిలబడింది. నోరు తెరిచేలోపే పక్కనుంచి సుబ్బరామయ్యగారు అందుకున్నారు.

"వరంగల్ గోదాములో రెండున్నర వేల టన్నులు ఉన్నాయండీ. హిమజ పోయిన నెలలోనే విడిగా పెట్టించింది. లారీలు బయల్దేరాయి. రేపు మధ్యాహ్నానికి దుకాణాల్లో ఉంటుందండీ."

ఎండీగారి మొహం తేటపడింది. "గుడ్. ఇలా ముందుచూపు ఉండాలి" అని హిమజ వైపు చూసి తలాడించారు. వరంగల్‌లో గోదాము ఉందన్న సంగతి తప్ప ఆమెకేమీ తెలియదు.

బల్ల దగ్గరికి రాగానే వరంగల్ గోదాము ఫైలు తిరగేసింది. మే పన్నెండున సరుకు పక్కన పెట్టించిన ఉత్తరం, కింద సుబ్బరామయ్యగారి సంతకం.

"నా పేరెందుకు చెప్పిన్రు సార్? తప్పు చేసింది నేను."

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఒకవేళ నిన్ను అందరి ముందూ కేకలేశారనుకో, రేపటి నుంచి ప్రతి సంతకానికీ నీ చెయ్యి వణుకుతుంది. నాలా తయారవుతావు. ఆఫీసుకి నాలాంటివాడు ఒక్కడు చాలమ్మా. కాకపోతే ఇంకెప్పుడూ గోదాము ఊడ్చి పంపకు."

హిమజ తల దించుకుని సరేనంది. కళ్లు తుడుచుకోబోతే ఆయన కంగారుపడ్డారు. "ఏడవకమ్మా, ఒకవేళ ఎవరన్నా చూస్తే నేనేదో అన్నాననుకుంటారు!" దాంతో ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం రాములు మళ్లీ ఫోను చేశాడు. లారీల హారన్ల మధ్య అతని మాట సగమే వినిపించింది. "దిగుతున్నయ్ మేడమ్! లైను కదిలింది!"

ఆ పై వారం శుక్రవారం మొరాకో ఓడ కాకినాడ రేవులో లంగరు వేసింది. ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచుకుంటుంటే, సుబ్బరామయ్యగారు మాత్రం అప్పుడే కెనడా చుక్క మీద పడ్డారు. వారంగా నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి. హిమజ వెళ్లి ఆయన చేతిలోంచి మౌసు తీసుకుంది.

"ఇంటికి పోండ్రి సార్. ఇయ్యాల మీ ఫికర్ నేను పడ్త."

"నీకు అలవాటు లేదు కదమ్మా."

"నేర్చుకుంట. జర పోండ్రి."

ఆయన నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లారు. ఇల్లు ఫిల్మ్‌నగర్‌లోనే, ఆటోలో పది నిమిషాలు. అయిదు నిమిషాలు కాకముందే ఫోను మోగింది.

"అమ్మా, దిగులు పడుతున్నావా?"

"పడుతున్న సార్."

"బాగా?"

"మస్తు పడుతున్న."

"ఏదీ, దేని గురించి?"

"మీ గురించే సార్."

ఆటోవాణ్ణి కాస్త నెమ్మదిగా పోనివ్వమని చెప్పి ఆయన మళ్లీ ఫోనులోకి వచ్చారు.

"ఆ డ్యూటీ సత్యలక్ష్మిదమ్మా. నువ్వు పొటాష్ చూడు."