అత్త ఎదుటే కవళ్ల పులుసు

నేను నెల్లూరు జిల్లా కోట ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. కొవ్వుల పాఠం ఏటా చెప్పేదాన్నే. మన ఒళ్లు తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వులు కొన్ని ఉంటాయనీ, అవి తిండిలోంచే రావాలనీ, మెదడులో చాలా భాగం కొవ్వేననీ బోర్డు మీద రాసి పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. కాన్పయి ఇంటికొచ్చేసరికి ఆ చదువంతా ఏ అటక మీద పెట్టానో తెలియదు. అత్త పెట్టింది తిని, పెట్టనిది అడక్కుండా బుద్ధిగా పీట మీద కూర్చున్నాను. తరగతిలో అంత నోరున్నదాన్ని ఇంట్లో ఇంత మెత్తబడతానని నేనే అనుకోలేదు.

మా పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ సముద్రం మీద వేటకు పోయి బతికినవాళ్లే. మా ఆయన మాత్రం పడవెక్కకుండా రొయ్యల గుంటల్లో పనికి కుదిరి, మామ పోయాక అత్తను తీసుకొచ్చి కోటలో ఇల్లు తీసుకున్నాడు. తొలి కాన్పు కాబట్టి నేను పుట్టింట్లో ఉండాలి. కానీ ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, కుట్లు మానేదాకా ఆసుపత్రికి అందుబాటులో ఉండమన్నారు. వానలు పడితే మా పల్లెకు ఆటో రావడమే గగనం. అందుకని అత్త దగ్గరే ఉండిపోయాను.

బాలింతకు పథ్యం అన్ని ఇళ్లలోనూ ఉంటుంది. మా పల్లెల్లో నువ్వుల నూనె, నెయ్యి, వెల్లుల్లి ధారాళంగానే పెడతారు. పాలు బాగా పడతాయని పాల సొర చేప తెచ్చి, ఉడకబెట్టి, తోలు తీసి చిదిమి, పొడిపొడిగా వేయించి పుట్టు చేసి పెట్టడం ఆనవాయితీ. మా అత్త పథ్యం ఆమె సొంతం. నూనె చుక్క కనపడకూడదు. నెయ్యి వద్దు. చేప మాటే ఎత్తకూడదు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, ఉడకబెట్టిన బీరకాయ, పలచటి చారు. పోపు కూడా వట్టి మూకుట్లో ఆవాలు చిటపటలాడించి వేసేది. "అత్తా, ఆసుపత్రి కూడు ఇంతకంటే నయం" అని నేను వేళాకోళం చేస్తే, "నీకు నోరు కావాల్నా, బిడ్డ కావాల్నా?" అనేది. నేను నవ్వేసి ఊరుకునేదాన్ని.

ఆ తిండి వల్లనే నాకు అలా అయిందని ఇప్పటికీ అనను. నిద్ర లేదు, కుట్ల నొప్పి, కాన్పు తర్వాత ఒంట్లో వచ్చే మార్పులు, అన్నీ కలిశాయి. ఏదైతేనేం, బిడ్డను చూస్తే నాకు ఏమీ అనిపించేది కాదు. పక్కింటివాళ్లు కాసేపు చూస్తుండమని ఇచ్చిపోయిన బిడ్డలా ఉండేవాడు. ఆ తర్వాత భయం మొదలైంది. వాడితో గదిలో ఒక్కదాన్నే ఉంటే చేతులు చల్లబడేవి. నా చేతుల్లోంచి జారిపోతాడని, నీళ్లు పోసేటప్పుడు మునిగిపోతాడని, నేనే వాణ్ని ఏదో చేసేస్తానని భయం. ఆ చివరిది నోటితో అనడానికి చాలా రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం మా ఆయన గుంటల దగ్గరికి బయలుదేరుతుంటే చొక్కా పట్టుకుని, "వాడితో నన్ను ఒంటరిగా వదలబాక" అన్నాను. ఆయన బండి తాళాలు గూట్లో పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఎవరో ఒకరు గదిలో ఉండాల్సిందే. అత్త స్నానానికి వెళ్తే మా ఆయన, ఆయన పనికి వెళ్తే అత్త. నా బిడ్డ దగ్గర నాకే కాపలా. అలా ఉండమని అడిగిందీ నేనే, దానికి ఒళ్లు మండిపోయిందీ నాకే. ఆ మంటే నన్ను లేపి నిలబెట్టిందనుకుంటాను. బాగుపడి తీరాలి, వాడితో నేనొక్కదాన్నే గదిలో కూర్చోగలగాలి, అంతకు మించి ఇంకేమీ వద్దు అని గట్టిగా అనుకున్నాను.

నెల్లూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. అత్త ఇంట్లోనే ఉండిపోయింది. డాక్టరు నా మాటలు అడ్డం రాకుండా విన్నారు. ఇది కాన్పు తర్వాత చాలామందికి వచ్చే జబ్బేననీ, తగ్గుతుందనీ, పాలిచ్చే తల్లులు వాడదగిన మాత్రలు ఉన్నాయనీ చెప్పారు. తర్వాత, "ఏం తింటున్నారు?" అన్నారు. చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టారు.

"మీరు జువాలజీ లెక్చరర్ కదమ్మా?"

తల కొట్టేసినట్టయింది. ఆమె ఎగతాళిగా అనలేదు, అదింకా కష్టం.

నేను పట్టు వదలకుండా అడిగాను, చేపలు తింటే ఇది తగ్గుతుందా అని. ఆమె తేలిగ్గా ఔననలేదు. కొన్ని రకాల కొవ్వులకూ మనసుకూ సంబంధం ఉన్నట్టు కొన్ని పరిశోధనల్లో కనపడిందట, కొన్నింట్లో కనపడలేదట. "చేప మందు కాదమ్మా. మాత్ర మానేసి చేప తింటానంటే నేను ఒప్పుకోను. కానీ బిడ్డ కడుపులో ఉన్నప్పుడూ, పాలు తాగేటప్పుడూ ఆ కొవ్వులు మీ ఒంట్లోంచే తీసుకుంటాడు. మీరు తిరిగి నింపుకోకపోతే ఎట్టా? కవళ్లు, కానాగంతలు లాంటి చిన్న చేపలు తినండి. అన్నంలో నూనె, నెయ్యి వేసుకోండి. పెద్ద చేపలు, సొరలు వద్దు, వాటిలో పాదరసం ఎక్కువ చేరుతుంది."

మేము ఇల్లు చేరేలోపే మా ఆయన మా అమ్మకు ఫోన్ చేసి, చేప తినమన్నారని మాత్రం చెప్పినట్టున్నాడు. మర్నాడు పొద్దున్నే స్టీలు క్యారియర్‌తో ఆటో దిగింది. మూత తీయకముందే తెలిసిపోయింది, సొర పుట్టు. అత్త గడప మీద నిలబడింది.

"వదినా, అది లోపలికి తేబాక."

"నా కూతురికి నేను పెట్టుకోకూడదా?"

"పెట్టుకో. బిడ్డ పాలు మానినాక పెట్టుకో."

ఇద్దరూ క్యారియర్ పిడి చెరోవైపు పట్టుకున్నారు. నేను లోపలి నుంచి వచ్చి, "అమ్మా, సొర వద్దంట" అన్నాను. అత్త ముఖం వెలిగింది. "కవళ్లు తినమన్నారు. నూనె వేసి" అన్నాను. ఇప్పుడు అమ్మ ముఖం వెలగలేదు, అత్త ముఖం వాడిపోయింది. తరతరాలుగా బాలింతలకు పెట్టిన సొరను ఎవరో డాక్టరు వద్దనడం అమ్మకు కొరుకుడు పడలేదు. క్యారియర్ అరుగు మీద పెట్టి, "సదువుకున్నోళ్లు, మీ ఇష్టం" అని గోడ వైపు తిరిగి కూర్చుంది. నాకు చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది.

ఆ నవ్వు నిలవలేదు. అత్త నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

"మీ ఆయన కంటే ముందు నాకొక ఆడబిడ్డ పుట్టింది" అంది. "బాలింతగా ఉండి నోరు కట్టుకోలేకపోయినా. పొయ్యి మీద కవళ్ల పులుసు ఉండాది, మీద నూనె తేలి. ఎవురూ లేనప్పుడు తిన్నా. ఆ వారంలోనే బిడ్డకు జొరం వచ్చింది, ఊపిరి అందలా. పోయింది." తలుపు దగ్గరగా వేసింది. "మా అత్త నలుగురిలో అనింది, నోటి కోసం బిడ్డను పోగొట్టుకున్న తల్లివని. అప్పటి నుంచి నేను చేప ముట్టలా. వండతా, తినను. నువ్వు తినబాకమ్మా. నీకు దణ్ణం పెడతా."

ఆమెను హత్తుకోవాలని ఉంది, నా దుఃఖమే నా చేతులను కదలనివ్వలేదు. ఇన్నాళ్లూ నా నోరు కట్టేసిందని లోలోపల తిట్టుకున్న మనిషి, నా బిడ్డకు కాపలా కాస్తున్నది తన బిడ్డ పోయిన చోట నిలబడి.

అమ్మ వెళ్లేటప్పుడు చెవిలో ఉపాయం చెప్పింది. చేపలు వండి మా ఆయన చేత గుంటల దగ్గరి షెడ్డుకు పంపిస్తుందట, నేను ఆ వంకన అక్కడికి వెళ్లి తిని రావాలట. మా ఆయనకూ ఇదే బాగున్నట్టు తోచింది. నేను ఒప్పుకోలేదు. అత్త జీవితమంతా మోసిన తప్పు దొంగచాటుగా తిన్న ముద్దే. నేనూ దాచి తింటే అది తప్పేనని ఒప్పుకున్నట్టు. తింటే ఆమె ఎదుటే తింటాను, ఆమె కళ్లు తెరుచుకుని చూస్తుండగా తింటాను. ఇది క్రూరమేమోనని కూడా అనిపించింది. అయినా అంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

మర్నాడు మా ఆయన కవళ్లు తెచ్చాడు. నేనే పొలుసు తీసి కడిగాను. మట్టి చట్టిలో నువ్వుల నూనె కాచి, చింతపండు, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టాను. కంచం తెచ్చుకుని నడవలో కూర్చుని, "అత్తా, తింటున్నా" అన్నాను. ఆమె వద్దనలేదు. బిడ్డను గుండెకు ఆనించుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను ముద్ద తింటున్నంతసేపూ వాడి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉంది. అంత రుచిగల పులుసు నేను అంతకు ముందు తినలేదు, అంత కష్టంగానూ తినలేదు.

అలా కొన్ని రోజులు గడిచాయి. మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దున కాసేపు నడుస్తున్నాను, మధ్యాహ్నం అత్త బిడ్డను చూసుకుంటే పడుకుంటున్నాను. అంతలో వాడికి టీకా వేయించాం. జ్వరం రావొచ్చని, భయపడవద్దని నర్సమ్మ చుక్కల మందు ఇచ్చి మరీ చెప్పింది. సాయంత్రానికి వాడి ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. అత్త పొయ్యి మీద చట్టి వైపు ఒక్కసారి చూసింది, అంతే. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నేనూ నమ్మాను. చదివిన చదువు, చెప్పిన పాఠం అన్నీ పోయి, నేనే తిన్నాను, నా వల్లే అని నాలోంచి ఎవరో అన్నారు. చేతులు మళ్లీ చల్లబడ్డాయి.

చుక్కల మందు వేశాం. మర్నాటికి జ్వరం దిగింది. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ముద్ద నోటి దాకా రావడం లేదు. ఇప్పుడు ఆపితే ఇక ఎప్పటికీ తినను, వీడికి ఎప్పుడు ఒళ్లు వెచ్చబడినా నన్ను నేనే తిట్టుకుంటూ బతుకుతాను, ముసలితనంలో నా కోడలిని కూడా ఇలాగే కూర్చోబెడతాను అనుకున్నాను. కళ్లు మూసుకుని మింగాను. రెండో ముద్ద కళ్లు తెరిచే తిన్నాను.

మెల్లగా తేడా తెలిసింది. పొద్దున లేవగానే ఏడుపు రావడం మానింది. వాడు ఆవలిస్తే ముద్దొచ్చాడు. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పమంటే ఈ జువాలజీ మేడమ్‌కు సున్నా మార్కులే. మాత్రలదే ఎక్కువ పని అయివుండొచ్చు. ఆకలి తీరిన మనిషికి ఓపిక వస్తుంది, అదీ ఉంది. గదిలో ఒంటరిగా ఉండటానికి మాత్రం ఇంకా ధైర్యం చాలలేదు.

మళ్లీ నెల్లూరు వెళ్లాల్సిన రోజు అత్త తనూ వస్తానంది. ఉతికిన చీర కట్టుకుని, బిడ్డను తనే ఎత్తుకుని, మాతోపాటు బస్సెక్కింది. డాక్టరు నన్ను అడగాల్సినవన్నీ అడిగారు. మాత్రలు ఇంకొంత కాలం వాడాలన్నారు. మా ఆయన చీటీ తీసుకుని మందుల షాపుకు వెళ్లాడు. నేను లేవబోయాను. అత్త కదల్లేదు.

"డాక్టరమ్మా, ఒక మాట" అంది. "బాలింతగా ఉన్నప్పుడు నేను కవళ్లు తిన్నా. నూనె తేలిన పులుసు. నా బిడ్డకు జొరం వచ్చి, ఊపిరి ఆడక పోయింది. నేను తిన్నదాని వల్లేనా?"

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. బిడ్డకు అప్పుడు ఎంత వయసో, దగ్గు ఉందా, పాలు తాగిందా అని నెమ్మదిగా అడిగారు. ఎన్నో ఏళ్లు గడిచినా అత్త అన్నింటికీ తడుముకోకుండా చెప్పింది.

"కాదమ్మా" అన్నారు డాక్టరు. "ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఉంటుంది. మీరు చేప తిన్నందుకు బిడ్డకు అట్టా రాదు."

"గట్టిగా చెప్తా ఉండారా?"

"గట్టిగానే చెప్తున్నా. మీరు చేసింది తప్పు కాదు. మీకు ఆకలేసింది, తిన్నారు."

అత్త చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత బిడ్డను నా ఒళ్లో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. డాక్టరు కుర్చీలోంచి లేచి ఆమె వెనకే వెళ్లారు. తలుపు దానంతటదే మూసుకుంది. వరండాలోంచి అత్త ఏడుపు వినిపించింది. ఆమె అలా గొంతెత్తి ఏడవగా నేనెప్పుడూ వినలేదు. బిడ్డ ఉలిక్కిపడి ముఖం చిట్లించాడు. వాణ్ని భుజాన వేసుకుని, "మీ నాయనమ్మే రా, ఏమీ లేదు" అంటూ వీపు నిమిరాను. వాడు నా మెడ మీద ముఖం ఆనించి మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నామని నాకు చాలాసేపటికి గానీ తట్టలేదు.