చివరి రెండంకెలు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే మాట కాదిది, పక్కింటికి వినపడుతుంది. మూడేళ్ళుగా కడుపులో దాచాను. ఇంక దాగేలా లేదు.

చదువు నాకు రెండో తరగతితో సరి. జ్ఞాపకం మాత్రం దండిగా ఇచ్చాడు దేవుడు. మా పెందుర్తి సందులో ఎవరి పెళ్ళికి ఏ కూర వండారో, ఎవరి బండి నంబరెంతో నన్నే అడుగుతారు.

పక్కింటి పార్వతిది సందు మొదట్లో ఇడ్లీ బండి. ఒక పొద్దున్న ఆటో ఒకటి వెనక్కి వస్తూ ఆ బండిని గుద్ది పడేసి, ఆగకుండా పోయింది. పార్వతి మడమ బెణికింది. ఇడ్లీలన్నీ కాకులకు విందు. ఆమె అటు తిరిగి ఉంది, చూడలేదు. వాకిలి ఊడుస్తున్న నేను చూశాను. నంబరూ చూశాను. ఆ ఆటో నా తమ్ముడిది.

సాయంత్రం పార్వతి కూతురు శైలు ఫోనులోనే పోలీసులకు రిపోర్టు పెట్టడానికి కూర్చుంది. స్టేషనుకు వెళ్ళక్కర్లేదట. చోటు, వేళ అన్నీ నింపి, బండి నంబరు దగ్గర ఆగి నన్నడిగింది. ముందు భాగం చెప్పేశాను.

"సివర ఏటి పిన్నీ?"

నలభై ఏడు. నాలుక మీదే ఉంది.

"డెబ్బై నాలుగే."

"పిన్ని సెప్పిందంటే ఇంక సూసుకోనక్కర్లేదు," అంది పార్వతి మంచం మీంచే.

వాడి ఆటో పట్టుకుపోతారని భయపడ్డానా? గుద్ది పారిపోయినవాడు నా తమ్ముడని సందంతా తెలుస్తుందని సిగ్గుపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

వారానికి పోలీసులు ఫోన్ చేశారు. ఆ నంబరు తగరపువలసలో ఒక టీచరమ్మ స్కూటీదట. "నా స్కూటీ ఇడ్లీని గుద్దితే పడిపోయేది స్కూటీయే" అందట ఆవిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రిపోర్టు అక్కడితో ఆగిపోయింది.

"పిన్నికి వయసొచ్చీసింది," అంది శైలు. ఆ మాట పడ్డాను గానీ నిజం చెప్పలేదు.

పార్వతి కాలు నిలబడేదాకా ఆ బండి నేనే నడిపాను. పిండి రుబ్బాను, పచ్చడి నూరాను. "తోడబుట్టిన అప్ప కూడా ఇంత సెయ్యదు," అని పార్వతి ఊరంతా చెప్పుకుంది. తిట్టినా బాగుండేది. అప్పట్నించి రోజూ మొదటి వాయి నాకే పంపుతుంది. తమ్ముడికి నేను చూశానని తెలీదు. ఇప్పటికీ ఆటో రోడ్డు మీదే వదిలి, సందులోకి నడిచి వస్తాడు.

ఇవాళ్టి ఇడ్లీలు కూడా వచ్చాయి. దూదిలా ఉన్నాయి. తిన్నాను.

నలభై ఏడు. మీకైనా సరిగ్గా చెప్పాను. పార్వతికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు గానీ, గుండె కొంచెం తేలికపడింది. మీ ఇంట్లోంచి కదిలిన ప్రతి బండీ క్షేమంగా మీ వాకిటికే చేరాలి, మీ పొయ్యి మీద ఆవిరి ఎన్నడూ ఆరకూడదు.