నల్లుల జోస్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒకటుందంటే నమ్మేవాణ్ణి కాదు. పుస్తకంలో రెండు పేజీలు చదివితే చాలు, వాటిని ఎవరో ఒకరిమీద ప్రయోగించందే అన్నం సయించేది కాదు. (ఆ అన్నం పెట్టింది మా మేనమామ. బట్లహళ్ళి నుంచి వచ్చి చింతామణిలో ఆయన ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఆయనకు బజారులో అంగడి ఉండేది. నల్లుల మందు కావాలంటే ఊరంతా అక్కడికే వచ్చేది.)

ఆ ఏడు కాలేజీలో చర్చా స్పర్ధె (అంటే వాదనల పోటీ) పెట్టారు. పరిణామ సిద్ధాంతం జరగబోయేది చెప్పగలదా, చెబితే ఉపయోగముందా అన్నది విషయం. "ఉంది" అనే పక్షం నాది. అవతలి పక్షాన సోడాబుడ్డి (కళ్ళద్దాల వల్ల వచ్చిన పేరు) లేచి, "కోతి మనిషాయెనని పాత కథలు చెప్తాండాడు. రేపేమయితాదో ఒక్కటి చెప్పమనండి!" అన్నాడు. (స్పర్ధె కన్నడంలోనే, కోపాలొచ్చేసరికి ఇద్దరం తెలుగులోకి దిగాం.) హాలంతా చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది.

"చెప్తా విను. మా మామ అంగట్లో తెల్ల పొడి ఉండాది కదా, దానికి నల్లులన్నీ చావవు. తట్టుకున్న నాలుగూ పిల్లల్ని పెడతాయి, వాటికీ ఆ గుణమే వస్తాది. రెండేండ్లలో ఆ పొడి చల్లినా ఒకటే, గోధుమపిండి చల్లినా ఒకటే!"

బహుమతి నాకే వచ్చింది. నా వాదన వినడానికొచ్చి మొదటి వరుసలో కూర్చున్న మామ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మర్నాటి నుంచి అంగడికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఏమప్పా, మీ మేనల్లుడే పని చెయ్యదంటాండాడే?" మామ నాతో మాటలు మానేశాడు. "నోరు కొంచెం ఆపుకోనుంటే ఏం పోయేదిరా?" అంది అత్త, వడ్డిస్తూ. క్షమాపణ చెప్పాలని నాకూ ఉండేది. కానీ సైన్సును వెనక్కి తీసుకోవడమెలా? (ఇంత చెప్పిన నేను, నా మంచానికి ఆ పొడే చల్లుకునేవాణ్ణి.)

రెండేళ్ళు నిండకముందే ఒక మధ్యాహ్నం మామ కునుకు తీసి, వీపు గోక్కుంటూ లేచాడు. మంచం దులిపితే, పొడిలోనే నల్లులు హాయిగా తిరుగుతున్నాయి.

"చూస్తివా మామా, నేను చెప్పలా?" అని గంతేశాను.

అత్త మరిగే నీళ్ళ చెంబు నా చేతికిచ్చి, "చెప్తివిలే. ఇంక సందుల్లో నీళ్ళు పొయ్యి" అంది.

మంచం ఎండలో వేసి నీళ్ళు పోస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది. "అంగట్లో ఉండే సరుకెట్ల మామా?" అన్నాను.

"యాడుండాది సరుకు? నువ్వు చెప్పినప్పట్నుంచీ తగ్గిస్తానే వస్తిని. మొన్నటికి అయిపాయ."

"మరి నాతో మాట్లాడకపోతివే?"

"నిజమేమో అనిపించె, దానికే కోపమొచ్చె. అంతమంది ముందర అనేదానికి ముందు, నాకొక మాట చెప్పుంటే ఏమయ్యెరా?"

నేను తల వంచుకుని నీళ్ళు పోశాను. ఆ హాల్లో నా మాట నిజంగా విన్నది ఆయనొక్కడేనని తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. గెలిచానన్న సంబరంతో మంచం చుట్టూ గంతులేసిన ఆ కుర్రవాడు ఇప్పుడు గుర్తొస్తే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. కానీ ఎందుకో, కొంచెం ముద్దు కూడా వస్తాడు.