బావిలోకి దించిన టార్చి

ఇరవై ఆరేళ్ళ వయసులో ప్రపంచంలో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. అవి ఎనభైల తొలి రోజులు. చాట్రాయి దగ్గర మా మామిడి తోటలో, పాతాళానికి పక్కవీధి లాంటి బావి ఉండేది. ముప్పై అడుగుల లోతున, లోపలి గట్టు మీద ఆయిల్ ఇంజను. ఓ వేసవి మధ్యాహ్నం అది ఉన్నట్టుండి ఆగిపోయింది. కొత్తగా నాటిన అంట్లు ఎండకు తలలు వాల్చేస్తున్నాయి.

ఇంజను పొగ నిండిన బావిలో దీపం బతకదు, మనిషీ బతకడు. అందుకే ముందు వెలిగించిన లాంతరును తాడుతో దించి, అది ఆరకపోతేనే దిగడం మా ఆనవాయితీ. నేనేమో ముందురోజే హనుమాన్ జంక్షన్‌లో సూర్యుడు సిగ్గుపడేంత టార్చి కొన్నాను.

"ఇంకా లాంతరేంటి వెంకయ్యా, కాలం మారింది" అని మా పాలేరుతో అంటూ టార్చిని దించాను. ఇంజను పక్కన అది ధగధగా వెలిగింది.

"చూశావా, ఆరిందా?" అంటూ నాలుగు మెట్లు దిగాను. ఎప్పుడూ గోల చేసే పావురాలు ఆ రోజు బావిలో ఒక్కటీ లేవు.

వెంకయ్య వెనకే వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. "టార్చి గాలి పీల్చదు బాబుగారూ. తమరు పీలుస్తారండి."

నన్ను పైకి లాగి లాంతరు దించాడు. సగం దూరంలోనే మంట చిన్నబోయింది. ఇంజను దాకా చేరకముందే ఆరిపోయింది. దాని కింద నా టార్చి మాత్రం హాయిగా వెలుగుతూనే ఉంది. నేను దిగి ఉంటే, నా శవానికీ అంతే చక్కగా వెలుగు చూపించేది.

ఇప్పటికీ కరెంటు పోయి టార్చి వెలిగించినప్పుడల్లా, ముందు ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి చూసుకుంటాను.