పొడుగు స్క్రూ

మూడోసారి కూడా ఆ సబ్జెక్టు పోయింది. జర్మనీలో ఒకే పరీక్ష మూడుసార్లు తప్పితే యూనివర్సిటీ నుంచి పేరు కొట్టేస్తారు. అదే కోర్సు ఈ దేశంలో ఇంకెక్కడా చదవనివ్వరు. ఆ సంగతి చెప్పే ఉత్తరం కార్ల్స్‌రూహెలో నేనుండే హాస్టల్‌కి వచ్చిన రోజు ఒక్క పదానికి కూడా ఫోన్‌లో అర్థం వెతుక్కోలేదు. రెండేళ్లుగా రాని జర్మన్ ఆ కాగితంలో మొత్తం వచ్చేసింది.

చదువు పోతే వీసా పోతుంది. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికి వీసా ఆఫీసుకు వెళ్తే అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు: ఇచ్చిన గడువులోగా ఇక్కడ ఉండటానికి ఇంకో కారణం చూపించాలి, లేకపోతే వెళ్లిపోవాలి. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. హన్మకొండలో స్కూల్ టీచర్‌గా చేసే మా అక్క ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "థీసిస్ ఎంతదాకొచ్చిందే?" అని అడిగేది. "నడుస్తాంది అక్కా" అనేదాన్ని.

నాకు మిగిలిన దారి ఆస్‌బిల్డుంగ్. అంటే ఒక షాపులో పని నేర్చుకుంటూ, వారంలో ఒకటి రెండు రోజులు బడికి పోతూ, మూడేళ్ల తర్వాత పరీక్ష రాయడం. పాసైతే సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్‌ని అవుతాను. కనిపించిన ప్రతి చోటికీ అప్లికేషన్ పంపాను. పిలిచింది ఒక్కరే. ట్రామ్ లైన్ చివర్న ఒక కంప్యూటర్ రిపేర్ షాపు. ఓనరు యాభై దాటిన ఆవిడ, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మెడలో రెండు జతల కళ్లజోళ్లు వేలాడేసుకుని ఉంది.

"మాస్టర్స్ చదివేదానివి, స్క్రూడ్రైవర్ పట్టుకుంటానని ఎందుకొచ్చావు?" అంది.

ఇంటి దగ్గర బట్టీపట్టిన జవాబు ఒక్క ముక్క గుర్తు రాలేదు. "నాకు వేరే దారి లేదండీ" అన్నాను.

ఆవిడ ఒక కళ్లజోడు పెట్టుకుని నా అప్లికేషన్ ముందుకు లాక్కుంది. "సరే, అదీ ఒక కారణమే" అంది.

మొదటి నాలుగు నెలలు ట్రయల్. ఆ నాలుగు నెలల్లో ఏ రోజైనా, ఏ కారణమూ చెప్పకుండా పంపించేయొచ్చు. ఆ మాట కాంట్రాక్టులో చదివినప్పటి నుంచి నేను మనిషిలా లేను. మధ్యాహ్నం తినడానికి కూర్చుంటే బద్ధకస్తురాలిని అనుకుంటుందేమోనని నిలబడే బ్రెడ్డు తినేదాన్ని. ఆవిడ జర్మన్‌లో ఏం చెప్పినా ముందు "యా" అనేసి, అర్థం తర్వాత వెతుక్కునేదాన్ని.

మూడో నెలలో ట్రామ్ డ్రైవర్ ఒకాయన డ్యూటీ మధ్యలో యూనిఫారంతోనే వచ్చి ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు. ఫ్యాన్ చప్పుడు చేస్తోంది, అంతే. విప్పాను, దుమ్ము ఊదాను, మళ్లీ బిగించాను. ల్యాప్‌టాప్ అడుగు స్క్రూలన్నీ ఒకే పొడుగుండవు. ఏది ఎక్కడిదో మ్యాట్ మీద వరసగా పెట్టుకోవాలని మొదటి రోజే నేర్పింది ఆవిడ. పెట్టుకున్నాను కూడా. అంతలో ఫోన్ మోగితే తీశాను, మోచెయ్యి తగిలి రెండు స్క్రూలు కదిలాయి. సర్దేశాననుకున్నాను. బిగిస్తుంటే ఒకటి గట్టిగా తగిలింది. ఆగాల్సింది. ఇంకో చుట్టు తిప్పాను.

ఆన్ కాలేదు. విప్పి చూస్తే పొడుగు స్క్రూ పొట్టి దాని చోట దిగి, మదర్‌బోర్డు మీద సన్నటి రాగి గీతల్ని కోసేసింది.

షాపులో ఆవిడ లేదు. రిపేరు వివరాలు రాసే జాబ్ చీటీ తీసుకుని, నాకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో రాశాను: బోర్డు ముందే పాడై ఉంది. తప్పుల్లేకుండా రాసిన వాక్యం.

రెండు రోజుల తర్వాత డ్రైవర్ వచ్చాడు. ఆవిడ చీటీ చదివి చెప్పింది. ఆయన ముఖం వాడిపోయింది. "నేను తెచ్చినప్పుడు పనిచేసిందే..." అన్నాడు. గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. పెట్టుకోలేదు. టోపీ తీసి కౌంటర్ మీద పెట్టి, "నేనే బ్యాగ్‌ని ఎక్కడో గుద్దేసినట్టున్నాను. నా తప్పే అయ్యుంటుంది" అన్నాడు.

అది వినలేకపోయాను. "నేను. నేను చేశాను. స్క్రూ, పొడుగుది" అన్నాను. ఆ తర్వాత నా నోటి నుంచి వచ్చింది ఏ భాషో నాకే తెలీదు. ఆవిడ నన్ను ఆపలేదు. ఆయనకు అప్పటిదాకా వాడుకోవడానికి వేరే ల్యాప్‌టాప్ ఇచ్చి పంపించి, నావైపు చూడకుండా, "ఇంటికెళ్లు. రేపు మాట్లాడదాం" అంది.

ట్రామ్ ఎక్కకుండా నడిచాను. దారిలో బెంచీ మీద కూలబడి అక్కకు ఫోన్ చేశాను. పరీక్ష పోయిందని, థీసిస్ లేదని, షాపు, స్క్రూ, చీటీ, అన్నీ ఒక్కసారే చెప్పేశాను.

అక్క అంతా విని అడిగింది: "సంవత్సరం సంది నాకు అబద్ధం చెప్తున్నవా?"

"అవునక్కా."

"తిన్నవా?"

"లేదు."

"ముందు తిను. నిన్ను తర్వాత తిడ్త" అని పెట్టేసింది. ఆ తర్వాత రెండు వారాలు ఫోన్ చేయలేదు. ఆ రెండు వారాలంత ఒంటరిగా ఈ దేశంలో నేనెప్పుడూ లేను.

మర్నాడు షాపులో ఆవిడ మైక్రోస్కోప్ కింద బోర్డు పెట్టి నన్ను చూడమంది. తెగిన గీతలు కాలవల్లా కనిపించాయి.

"ఇది నేనూ చేశాను, నీ వయసులో. దీని గురించి కాదు నా కోపం" అంటూ చీటీ చూపించింది. "వాళ్లకు లోపల ఏముందో తెలీదు. మనం ఏం చెబితే అదే నిజం వాళ్లకి. ఆయన తనను తాను తిట్టుకుంటూ వెళ్లేవాడు."

బోర్డు బాగుపడలేదు, కొత్తది వేయాల్సి వచ్చింది. మిగిలిన వారాలు నన్ను కస్టమర్ల మిషన్లు ముట్టుకోనివ్వలేదు. పాత కంప్యూటర్లు విప్పి ముక్కలు వేరు చేయడమే నా పని. ఉంచుతుందో పంపుతుందో చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. సూట్‌కేస్ దించి మంచం పక్కన పెట్టుకున్నాను.

ట్రయల్ ఆఖరి రోజు షాపు మూసే వేళకు ఇక ఆగలేక అడిగాను. "రేపు రావాలా?"

"రేపు నీకు బడి ఉందా?"

"లేదు."

"మరి?" అంటూ లైటు ఆర్పింది.

మూడేళ్ల చివర్న ఆస్‌బిల్డుంగ్ రాత పరీక్ష కూడా తప్పాను. ఫలితం చూసి షాపు వెనక గదిలో నేల మీద కూర్చుండిపోయాను. ఆర్నెల్లు ఆగి మళ్లీ రాశాను. ఈసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. సర్టిఫికెట్ ఫోటో అక్కకు పంపితే వెంటనే ఫోన్ చేసింది.

"గిదేం డిగ్రీనే?"

"డిగ్రీ గాదక్కా. కంప్యూటర్లు బాగుచేసే సర్టిఫికెట్."

"మంచిగైంది. మా స్కూల్ల ప్రింటర్ కాగితాలు మింగుతాంది. ఏం జెయ్యాల్నో చెప్పు."

వెనక కవర్ తెరవమన్నాను.